వివా పిన్యాటా: తోట వేస్తే వచ్చేవాళ్లు

పిల్లల వీడియో ఆటల్లో తోట అంటే మామూలుగా ఏముంటుంది? నేలను వేలితో నొక్కితే మొక్క వస్తుంది, మొక్కను నొక్కితే నాణేలు రాలతాయి. తర్వాత కాసేపు ఆగమంటుంది, ఆగలేకపోతే డబ్బు కట్టమంటుంది. వివా పిన్యాటా అలాంటిది కాదు. ఇందులో తోట వేసేది కాయల కోసం కాదు, వచ్చేవాళ్ల కోసం. ఏం నాటారు, ఎంత నేల ఖాళీగా వదిలారు, ఎక్కడ గడ్డి పెంచారు, నీళ్లు ఎక్కడ నిలిపారు అన్నదాన్ని బట్టి ఒక్కో జీవి తోటలోకి వస్తుంది. నచ్చకపోతే హద్దు దగ్గరే తిరిగి వెళ్లిపోతుంది. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన నాకు ఈ ఆట ఇంతగా పట్టడానికి కారణం అదే.

ఆట పాతదే. ఇంగ్లండ్‌లో ట్వైక్రాస్ అనే ఊళ్లో ఉన్న రేర్ స్టూడియో తయారుచేసింది. మైక్రోసాఫ్ట్ 2006 నవంబరులో, టీవీకి తగిలించి ఆడే తన ఎక్స్‌బాక్స్ 360 యంత్రం కోసం విడుదల చేసింది. అదే ఏడాది అమెరికాలో ఇదే పేరుతో టీవీ కార్టూన్ కూడా మొదలైంది. రంగురంగుల బొమ్మలు, పక్కన కార్టూను చూసి ఇది చంటిపిల్లల వ్యవహారమని పక్కన పెట్టేసిన పెద్దవాళ్లు చాలామందే ఉంటారు. ఆట పట్ల అది అన్యాయం.

మా అల్లుడి ఎక్స్‌బాక్స్‌లో రేర్ రీప్లే అని ఒక సంకలనం ఉంది. 2015లో వచ్చింది. ఆ కంపెనీ పాత ఆటలు 30 అందులో ఉన్నాయి. అతను కొనుక్కున్నది కొట్లాట ఆటల కోసం. మూడో తరగతి చదివే మా మనవరాలు బొమ్మ చూసి ముచ్చటపడి దీన్ని తెరిచింది. తెర మీద చదవాల్సిన ఇంగ్లీషు చాలా ఉండటంతో నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. అలా మొదలైంది. ఇప్పుడు తను బడికి వెళ్లాక నేనొక్కదాన్నే నా తోట వేరే పెట్టుకుని ఆడుతున్నాను. ఇద్దరి తోటలూ వేటికవే ఉంటాయి, ఒకరిది ఒకరం ముట్టుకోం.

పిన్యాటా అంటే ఏమిటో ముందు చెప్పాలి. మెక్సికోలో పుట్టినరోజులకీ, క్రిస్మస్ ముందు జరిగే పోసాదా వేడుకలకీ రంగు కాగితాలు అతికించిన బొమ్మను పైన వేలాడదీస్తారు. లోపల మిఠాయిలు ఉంటాయి. పిల్లలు కళ్లకు గంతలు కట్టుకుని కర్రతో కొడతారు. అది పగిలితే మిఠాయిలు రాలతాయి, అందరూ ఎగబడి ఏరుకుంటారు. పాత పద్ధతిలో కాగితాల కింద ఉండేది మట్టికుండే. మా మనవరాలికి నేను ఒక్కమాటలో చెప్పాను: కృష్ణాష్టమికి మనం ఉట్టి కొడతాం చూడు, అలాంటిదే. వెంటనే అర్థమైంది. ఆ కాగితపు బొమ్మలే ప్రాణం పోసుకుని తిరిగే ఒక దీవి ఈ ఆట. ఇక్కడి జంతువులన్నీ కాగితపు కుచ్చులతో చేసినట్టు ఉంటాయి. గాలికి ఆ కుచ్చులు కదులుతాయి కూడా. పేర్లన్నీ జంతువునూ తినుబండారాన్నీ కలిపి పెట్టినవి. గుర్రం పేరు హార్‌స్టాషియో, తేనెటీగ పేరు బజిల్‌గమ్, బాతు పేరు క్వాక్‌బెర్రీ. కొత్త జంతువు కనిపించగానే అందులో ఏ మిఠాయి దాగి ఉందో కనిపెట్టడం మా ఇంట్లో పెద్ద సరదా అయింది.

మొదట్లో మీ చేతికి వచ్చేది తోట కాదు, బీడు. నేల గట్టిగా బిగుసుకుపోయి ఉంటుంది, మీద చెత్తాచెదారం పడి ఉంటుంది. లీఫోస్ అనే అమ్మాయి వచ్చి ఒక పాత పార ఇస్తుంది. దాంతో గట్టినేల పగలగొట్టి మట్టిని పైకి తేవాలి. తర్వాత గడ్డి విత్తనాల సంచి చేతికొస్తుంది. ఎక్కడ గడ్డి చల్లాలో, ఎక్కడ మట్టి మట్టిగానే ఉంచాలో మీ ఇష్టం. మొదటి మొక్కకు ముందు నేలను బాగుచేయించడం నాకు చాలా నచ్చింది. మా విద్యార్థులకు నేను చెప్పిన మొదటి పాఠం కూడా అదే. ఈ ఆటలో పార పట్టుకున్న ఏ పిల్లకైనా ఆ పాఠం చేతులతోనే తెలుస్తుంది.

మట్టి కొంచెం ఉందనగానే మొదటి అతిథి వస్తుంది. అది వానపాము, పేరు విర్ల్మ్. ఈ ఆట అసలు పనితనం ఇక్కడి నుంచి మొదలవుతుంది. ప్రతి జీవికీ మెట్టు మెట్టుగా షరతులు ఉంటాయి. మొదటి షరతు తీరితే అది హద్దు బయట కనిపిస్తుంది. రెండోది తీరితే లోపలికి చుట్టపుచూపుగా వస్తుంది. అప్పుడు దానికి రంగు ఉండదు, నలుపు తెలుపుల్లోనే తిరుగుతుంది. అది కోరుకున్నది దొరికి, మీ తోటలోనే ఉండిపోవాలని నిశ్చయించుకుందనుకోండి, ఉన్నచోటే గిర్రున తిరిగి ఒళ్లంతా రంగులు నింపుకుంటుంది. ఆ రంగు వచ్చే క్షణం ఎన్నిసార్లు చూసినా నాకు తృప్తి తీరదు. ఆ తర్వాత షరతులు జత కట్టడానికి. దానికి ఇల్లు కట్టించాలి, ఫలానాది తినిపించాలి. షరతులు ఏమిటో ఆట ముందే చెప్పదు. ఆ జీవి కనిపించాకే, అదీ కొంచెం కొంచెంగా, ఆటలోనే ఉండే పుస్తకంలో రాసి చూపిస్తుంది. ఎలుక కావాలంటే టర్నిప్ దుంపలు వేయాలి, కుందేలుకు క్యారెట్లు, బాతుకు చెరువు. పిల్లలు ఊహించి, నాటి, ఎదురుచూసి తెలుసుకోవాలి. అది ప్రయోగం. ల్యాబ్ రికార్డు పుస్తకాలు దిద్దిన నాకు ఆ మాట వాడే హక్కు ఉందనుకుంటాను.

విర్ల్మ్‌ల తర్వాత వచ్చేది పిచ్చుక, స్పారోమింట్. అది మన తోటలో ఉండిపోవాలంటే వానపామును తినాలి. మా మనవరాలు అప్పటికే వానపాములకు పేర్లు పెట్టుకుంది. ఆట పేర్లు మార్చుకోనిస్తుంది. పిచ్చుక దాని వైపు చూడటం, దాని తల మీద షరతు బొమ్మ రావడం చూసి కంట్రోలర్ కింద పెట్టేసింది.

"అమ్మమ్మా, దీనికి వేరే ఏదైనా పెట్టొచ్చు కదా?"

"దాని తిండి అదే తల్లీ."

"అయితే నాకు పిచ్చుక వద్దు."

నేనేమీ అనలేదు. వద్దంటే వద్దు, ఆట ఒత్తిడి చేయదు. వానపాముల తోటగానే ఉంచుకోవచ్చు. పెద్ద తరగతి పిల్లలకు ఆహార గొలుసు బొమ్మ గీసి, బాణాలు పెట్టి, మార్కుల కోసం బట్టీ పట్టించిన రోజులు నాకు గుర్తొచ్చాయి. ఏ విద్యార్థీ ఆ బాణం దగ్గర ఇలా ఆగి ఆలోచించలేదు. తను మర్నాడు ఒక దారి వెతుక్కుని వచ్చింది. ముందు వానపాములకు ఇల్లు కట్టించి, జత కట్టించి, పిల్లలు పెరిగాకే పిచ్చుకను రానిస్తుందట. తను పేరు పెట్టినవాటిని కంచె వేసి వేరుగా ఉంచుతుందట. అలాగే చేసింది. పిచ్చుక తిన్నప్పుడు వానపాము పగిలి మిఠాయిలు రాలాయి. రక్తం లేదు, కేక లేదు. ఇక్కడ పిన్యాటాకు పగలడం సహజమే కాబట్టి పిల్లల మనసుకు అది మరీ బరువుగా ఉండదు. కానీ పోయినది పోయినట్టే. తోటలో ఒకటి తగ్గుతుంది. అది దాచకుండా, భయపెట్టకుండా చూపించడం ఈ ఆట చేసిన గొప్ప పని అని నేను నమ్ముతున్నాను. తర్వాత చిన్నవాటి కోసం నక్క వస్తుంది. ఇంకా పెద్దవి వస్తాయి. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని ఎవరి కోసం పెంచాలి అన్న ప్రశ్న ప్రతి మెట్టులోనూ కొత్తగా ఎదురవుతుంది.

ఇక మొక్కల సంగతి. నీళ్ల డబ్బా చేతిలో పట్టుకుని మొక్క దగ్గర నిలబడి పోయాలి. తక్కువైతే వాడిపోతుంది. ఎక్కువ పోస్తే కుళ్లి చస్తుంది. ఆ రెండోది పెట్టినందుకు ఆట చేసినవాళ్లకు దండం పెట్టాలి. మన ఇళ్లలో కుండీ మొక్కలు చాలావరకు చచ్చిపోయేది ఎండకు కాదు, ప్రేమకొద్దీ రోజూ పోసే నీళ్లకు. చెట్లను దగ్గర దగ్గరగా పెడితే ఎదగవు, చోటు వదలాలి. ఎరువు సంచులు రంగురంగుల్లో ఉంటాయి, ఒక్కో మొక్కకు ఒక్కో రంగు. పెరిగే దశలో సరైన సమయానికి వేస్తేనే మొక్క పెద్దదై ఎక్కువ ఫలం ఇస్తుంది. తప్పు రంగు వేస్తే పనిచేయదు. నిజం ఎరువులు అలా రంగులతో రావు. కానీ ఏ మొక్కకు ఏది, ఎప్పుడు అని ఆలోచించే అలవాటు పడుతుంది. కలుపు కూడా ఉంది. చూడకుండా వదిలేస్తే పక్క మొక్కల్ని తినేస్తుంది. తర్వాత తర్వాత డబ్బిచ్చి పనివాళ్లను పెట్టుకోవచ్చు. నీళ్లు పోసేవాళ్లు ఒకరు, కలుపు తీసేవాళ్లు ఒకరు. చాక్లెట్ నాణేలే ఇక్కడి డబ్బు. పండించినది అమ్మితే అవి వస్తాయి. నిజం డబ్బు కట్టమని ఎక్కడా అడగదు. ఫోన్ ఆటలతో విసిగిపోయిన తల్లిదండ్రులకు ఈ మాట గట్టిగా చెప్పాలనిపించింది.

శాస్త్రం ప్రకారం సరికానివి కూడా చెప్పాలి, లేకపోతే నా ఉద్యోగానికి ద్రోహం చేసినట్టు. ఈ దీవిలో గుర్రమైనా కుక్కయినా గుడ్డులోంచే పుడుతుంది. స్టోర్కోస్ అనే కొంగలాంటి మనిషి గుడ్డు తెచ్చి ఇంటి దగ్గర పెట్టి వెళ్తుంది. ఆడ, మగ తేడా లేదు, ఒకే జాతివి ఏ రెండైనా జత కడతాయి. పిల్లలతో కలిసి చూడటానికి అది నిజానికి సుఖంగానే ఉంటుంది. జత కట్టడమంటే రెండూ కలిసి ఒక నాట్యం చేయడం, అంతే. తేనెటీగ తేనె ఇస్తుంది కానీ కాయలు కాయడంతో దానికి సంబంధం లేదు. పరాగ సంపర్కం పెట్టి ఉంటే ఈ ఆట ఇంకో ఎత్తున ఉండేది. ఆపిల్ చెట్టు కాయాలంటే బజిల్‌గమ్‌ను ముందు పిలుచుకోవాలి అని ఒక్క షరతు చాలు. సీతాకోకచిలుకకు గొంగళిపురుగు దశా లేదు. ఆ రోజు మా మనవరాలిని మేడ మీదికి తీసుకెళ్లి కరివేపాకు చెట్టు మీద నిమ్మ సీతాకోకచిలుక పెట్టిన గుడ్లు, పక్షి రెట్టలా కనిపించే చిన్న గొంగళిపురుగులు చూపించాను. అవి ఆకు తింటున్నాయని చెప్పి మందు కొడతారు చాలామంది. తను వాటిని చూసి "ఇది దీని షరతు" అంది. ఆట నుంచి తెచ్చుకున్న మాట అది. జిల్లేడు మొక్కను ఎందుకు పీకొద్దన్నానో కూడా ఆ రోజే తనకు చెప్పగలిగాను. దాని ఆకులు తినే గొంగళిపురుగే ఆ నారింజరంగు సీతాకోకచిలుక అవుతుంది.

ఆటలో దాచిపెట్టిన రహస్యాలు చాలా ఉన్నాయి. వాటిని కనిపెట్టినప్పుడు ఇంట్లో అరుపులే అరుపులు. టాఫ్లీ అనే ఈగ ఉంది. దాన్ని కాగడా మంటలోకి పంపి, అంటుకోగానే నీళ్లు పోసి ఆర్పితే అది రెడ్‌హాట్ అనే కొత్త జీవిగా మారుతుంది. సిరపెంట్ అనే పాము గుడ్డును సరైన సమయంలో పారతో కొడితే రెండు తలల పాము వస్తుంది, దాని గుడ్డును మళ్లీ కొడితే నాలుగు తలలది. ఇవి చెప్పేసి మీ సరదా కొంత పాడుచేశానేమో, కానీ ఇంకా చాలా ఉన్నాయి, వాటి జోలికి వెళ్లను. కొన్నింటికి ఫలానా పువ్వో పండో తినిపిస్తే ఒంటి రంగు మారుతుంది. మా మనవరాలి గొడవంతా ఈ రంగుల చుట్టూనే. నాకైతే ఏ జీవి ఎందుకు రాలేదో తేల్చుకోవడంలో ఉన్న ఆనందం ఇంకెందులోనూ లేదు.

చిన్నపిల్లల తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాల్సిన సంగతి విలన్ల గురించి. ప్రొఫెసర్ పెస్టర్ అనేవాడు, వాడి వెంట రఫియన్స్ అనే అల్లరిమూక ఉంటారు. తోటలో జొరబడి మొక్కలు, ఇళ్లు పగలగొడతారు, పుల్లని మిఠాయి పడేసి పోతారు. అది తిన్న జీవులకు జబ్బు చేస్తుంది. పుల్లని పిన్యాటాలని ఎరుపు, నలుపు రంగుల్లో కొన్ని జీవులు కూడా వస్తాయి. అవి కూడా తోటలో ఇలాంటి చెడే చేస్తాయి. కానీ వాటి షరతు తీర్చి మచ్చిక చేసుకుంటే అవే మంచి జీవులుగా మారి మనతో ఉండిపోతాయి. తరిమేయడం కన్నా మచ్చిక చేసుకోవడం లాభం అని ఆట చూపించిన తీరు నాకు బాగా నచ్చింది.

నిజంగా భయపెట్టేవాడు డాస్టార్డోస్. ముఖానికి ముసుగు, నేలకు ఆనకుండా తేలుతూ వస్తాడు, ఏదో పాట కూనిరాగం తీస్తుంటాడు. ఏ జీవికి జబ్బు చేసినా వాసన పట్టినట్టు వచ్చేస్తాడు. అతను చేరేలోపు డాక్టర్ ప్యాచింగోను పిలిచి నాణేలు కట్టి బాగుచేయించాలి, లేకపోతే కర్రతో ఒక్క దెబ్బ కొట్టి పగలగొట్టేస్తాడు. ఒకసారి మా కుందేలుకు జబ్బు చేసినప్పుడు డాక్టరు ఫీజుకు మా దగ్గర నాణేలు చాలలేదు. మనవరాలు టర్నిప్‌లు పీకి అమ్మే పనిలో పడింది, నేను అతను ఎంతవరకు వచ్చాడో చూసి చెబుతున్నాను. ఆ టెన్షన్ నిజమైన టెన్షన్. కుందేలు బతికింది. కానీ ఆరేళ్లలోపు పిల్లలకు ఈ మనిషి కలలోకి వచ్చినా రావచ్చు, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. లీఫోస్, విత్తనాలిచ్చే సీడోస్, గుడ్లు తెచ్చే స్టోర్కోస్, ఈ డాస్టార్డోస్ అందరూ ఈ దీవిలో తోటమాలి అయిన జార్డినీరో పిల్లలే. ఒకే ఇంట్లో పుట్టి ఒకడు ఇలా ఎందుకయ్యాడన్న కథ పుస్తకాల్లో, మాటల్లో ముక్కలుగా తెలుస్తుంది. పిల్లలు పట్టించుకోరు, పెద్దవాళ్లకు ఆ కథ తెలుసుకోవాలనిపిస్తుంది.

సంగీతం గురించి చెప్పకుండా ఉండలేను. గ్రాంట్ కిర్క్‌హోప్ కూర్చినది. బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా అవార్డులకు నామినేషన్ కూడా వచ్చింది. వాద్యబృందంతో వాయించిన నిజమైన సంగీతం, పగలు ఒక తీరు, రాత్రి ఇంకో తీరు. తోటలో పని లేకపోయినా నేను కొన్నిసార్లు ఊరికే పెట్టి వింటాను. బొమ్మల విషయంలోనూ అంతే, ఇంత పాత ఆట అయినా ఈ రోజు పెద్ద టీవీలో చూసినా కళ్లకు వెలితి అనిపించదు. కాగితపు లోకం కాబట్టి అది నిజంలా ఉండాల్సిన అవసరమే లేదు.

ఫిర్యాదులు ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది దుకాణం. ఒక్క విత్తనం కొనాలన్నా కాస్టోలాట్ గారి కొట్టుకు వెళ్లాలి, ఆవిడ పలకరింపు వినాలి, జాబితా తెరవాలి, కొని బయటికి రావాలి. వెంటనే ఇంకో విత్తనం కావాలంటే మళ్లీ మొదటి నుంచి. ఇల్లు కట్టించడానికి విల్లీ బిల్డర్ దగ్గరకు వెళ్లినా ఇదే తంతు. మొదట్లో వాళ్ల మాటలు ముద్దుగా ఉంటాయి, తర్వాత విసుగు. రెండోది, ఆట మిమ్మల్ని ఒక్క నిమిషం కుదురుగా ఉండనివ్వదు. ఒక చెట్టుకు ఎరువు వేస్తుంటే మధ్యలో కొత్త జంతువు వచ్చిందని, రెండు జీవులు కొట్టుకుంటున్నాయని కబుర్లు వస్తూనే ఉంటాయి. పడని జాతులను పక్కపక్కన పెడితే నిజంగానే కొట్టుకుంటాయి. కంచె వేసి విడదీయాలి. ప్రశాంతంగా మొక్కలు పెంచుకుందామని వచ్చినవాళ్లకు పై మెట్లలో ఈ హడావుడి ఇబ్బందే. మూడోది, తోటలో పట్టేవాటికి ఒక హద్దు ఉంది. మెట్లు ఎక్కేకొద్దీ నేల పెరుగుతుంది కానీ చివరికి నిండిపోతుంది, ఏదో ఒకటి తీసేస్తేనే కొత్తది. మా మనవరాలు దేన్నీ పంపించనంటుంది. అందుకే తన తోటలో గుర్రానికి చోటు లేక అది ఇప్పటికీ హద్దు బయటే తిరుగుతోంది.

భాష సంగతి మన పిల్లల తల్లిదండ్రులు ఆలోచించుకోవాలి. తెలుగు లేదు. చదివే మాటలు చాలా ఉన్నాయి, అవి చదవకపోతే షరతులు అర్థం కావు. చదవడం ఇంకా రాని పిల్లలకు ఒంటరిగా ఇచ్చే ఆట కాదు ఇది. మా ఇంట్లో నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని, ఇప్పుడు తనే చదివి నాకు చెబుతోంది. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే వాళ్లను కూర్చోబెట్టండి. కంట్రోలర్ పట్టుకోవడం రాకపోయినా, ఎప్పుడు నీళ్లు చాలో చెప్పగల మనిషి ఈ ఆటకు అవసరం.

ఎక్కడ దొరుకుతుంది, ఏది తీసుకోవాలి అంటే: కంప్యూటర్‌కు 2007లో ఒక రూపం వచ్చింది, క్లైమాక్స్ స్టూడియోస్ చేసినది. కానీ అది గేమ్స్ ఫర్ విండోస్ లైవ్ అనే పాత సేవ మీద ఆధారపడినది. ఇప్పటి కంప్యూటర్లలో దాన్ని నడిపించడం పెద్ద తలనొప్పి, వద్దు. చేతిలో పట్టుకుని ఆడే నింటెండో డీఎస్‌కు 2008లో చిన్న తెర రూపం ఒకటి వచ్చింది. పార్టీ యానిమల్స్ అని ఇంకోటి ఉంది, అది పరుగు పందేల ఆట, తోటతో సంబంధం లేదు, పేరు చూసి పొరబడి కొనకండి. మీకు ఎక్స్‌బాక్స్ ఉంటే రేర్ రీప్లే ఒక్కటి చాలు. అందులో ఈ మొదటి ఆటా, 2008లో వచ్చిన రెండో ఆట ట్రబుల్ ఇన్ పారడైజ్ కూడా ఉన్నాయి.

రెండింటిలో ఏది ముందు? పిల్లలు చిన్నవాళ్లయితే రెండోది. అందులో ఊరికే సరదాగా ఆడుకునే పద్ధతి ఒకటి వేరుగా ఉంది. డబ్బుకు లోటుండదు, విలన్లు రారు, కావలసినవి పెట్టుకుని ఆడుకోవచ్చు. ఒకే తెర మీద ఇద్దరు కలిసి ఆడే వీలు కూడా అందులో ఉంది. జీవులు ఎక్కువ. ఎడారిలోనూ మంచులోనూ ఉచ్చులు పెట్టి తెచ్చుకునేవి కొన్ని ఉన్నాయి. పిలిస్తే రావడం కాకుండా పట్టి తేవడం అనేది నాకు అంతగా నచ్చలేదు. ఎనిమిదేళ్లు దాటి, కాస్త ఓపిక ఉన్న పిల్లలకు మాత్రం మొదటిదే ఇవ్వండి. బీడునేల మీద పార వేసి, మొదటి వానపాము రంగు నింపుకునేదాకా ఎదురుచూడటం అందులోనే బాగుంటుంది. మేమిద్దరం రెండో ఆట ఇంకా పూర్తి చేయలేదు. వచ్చే సెలవుల్లో ఒకే తోటలో ఇద్దరం కలిసి ఆడాలని ఒప్పందం. కలుపు నా వంతు, రంగులు తన వంతు.